రెండు రోజుల్లో తామర మాయమట!

ఆ వాట్సాప్ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. పొద్దున కాలనీ గ్రూపులో, మధ్యాహ్నం ఇంటర్ దోస్తుల గ్రూపులో, రాత్రికి దేవరకొండ నుంచి మా మేనమామ పంపగా నా ఫోనులో. "డాక్టర్లు దాచే 5 నిజాలు" అని పైన రెండు ఎర్ర సైరన్ బొమ్మలు. నేను నల్లగొండలో కల్చర్ ప్లేట్లు (రోగి శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూసే పళ్లేలు) చూసుకునే ల్యాబు మనిషినని అందరికీ తెలుసు కాబట్టి కింద "నిజమేనా అన్నా?" అని ఒక ముక్క. విడివిడిగా జవాబులు రాసే ఓపిక అయిపోయింది. అందరికీ కలిపి ఇదే.

మొదటిది: యాంటీబయాటిక్ వాడేటప్పుడు పెరుగు ముట్టొద్దట. అమాక్సిసిలిన్‌కు పెరుగన్నంతో ఏ గొడవా లేదు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని మాత్రం పాలు, పెరుగులోని కాల్షియంతో అతుక్కుపోయి ఒంటికి సరిగ్గా పట్టవు. వాటికి కొన్ని గంటలు ఎడం ఇస్తే సరి. అయిపోయింది.

రెండోది: స్ట్రిప్ మీద నంబరు ఎంత పెద్దదైతే మందుకు అంత పవర్, 500తో తగ్గకపోతే 625 అడగండి అని. 625లో ఉన్న అమాక్సిసిలిన్ కూడా 500 మిల్లీగ్రాములే. మిగతా 125 క్లావులానిక్ యాసిడ్. మందును విరగ్గొట్టడానికి బ్యాక్టీరియా వదిలే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఒక మందు నంబరును ఇంకో మందు నంబరుతో పోల్చడంలో అర్థమే లేదు. అమాక్సిసిలిన్ రక్తంలో గంటకు కాస్త అటూ ఇటూగా సగమైపోతుంది, అందుకే రోజుకు మూడుసార్లు. అజిత్రోమైసిన్ సగం కావడానికి దాదాపు మూడు రోజులు పడుతుంది, అందుకే రోజుకు ఒక్కటి, అదీ కొద్ది రోజులే. డోసు వెనక ఉన్న లెక్క ఇది.

ఇక మూడోది. అసలు ఇది రాయడానికి కూర్చున్నదే దీనికోసం. "తామరకు స్కిన్ డాక్టర్ దగ్గర డబ్బులు తగలేయకండి. మెడికల్ షాపులో మూడు మందులు కలిసిన మలాం అడగండి, రెండు రోజుల్లో మాయం."

ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాలు ఎవరైనా చదివారా? చాలావాటిలో ఒక యాంటీఫంగల్, ఒక యాంటీబయాటిక్, వాటి పక్కన క్లోబెటసాల్ ఉంటాయి. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన వర్గం అది. రాసిన రాత్రికే దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది. తామరకు కారణమైన ఫంగస్ చచ్చి కాదు, దానితో కొట్లాడుతున్న మన చర్మం చల్లబడి. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, మొరిగే కుక్క మూతి కట్టేశారు.

రాయడం ఆపగానే తామర ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. మళ్లీ అదే ట్యూబు. కొన్నాళ్లకు ఆ గుండ్రటి అంచు చెరిగిపోయి, ఇది తామరో ఇంకేదో అని చర్మం డాక్టర్లే తికమకపడే రూపానికి వస్తుంది. గజ్జల్లో, తొడల సందుల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. అలాంటి చర్మాన్ని గీకి, చర్మపు కణాలను కరిగించే కేఓహెచ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఫంగస్ దారాలు తరచుగా దండిగా కనిపిస్తాయి. మీరు "మాయమైంది" అన్నది దీన్నే.

నాట్ల రోజుల్లో తడి బట్టలతో ఉండేవాళ్లు, రైసుమిల్లుల్లో చెమటతో తడిసేవాళ్లు, ఎండాకాలంలో కూడా బిగుతు జీన్స్ విప్పని పోరగాళ్లు, ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాల. తామర పోకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది. ఒక్కరికే మందు వాడి మిగతావాళ్లను వదిలేస్తే మళ్లీ అంటుకుంటుంది. మిగతా సగం ఫంగస్‌లోనే ఉంది. ఇప్పుడు మన దేశంలో విస్తారంగా తిరుగుతున్న రకానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు. 2020లో జపాన్ పరిశోధకులు పెట్టారు. తామరకు వాడే టెర్బినాఫిన్ పట్టుకోవాల్సిన ఫంగస్ ఎంజైమే మారిపోయి, ఈ రకంలో చాలావాటి మీద ఆ మందు సరిగ్గా పనిచేయడం లేదు. అందుకే డాక్టర్లు ఇట్రాకోనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు వారాల తరబడి రాస్తున్నారు. ఆ క్యాప్సూల్‌ను కడుపునిండా తిన్నాక వేసుకోవాలి. పరగడుపున గ్యాస్ గోలీతో కలిపి మింగితే ఒంటికి పట్టేది తక్కువ, తర్వాత "మందు పనిచేయలేదు" అని తిట్టేది ఎక్కువ. వారాలు పట్టే జబ్బును రెండు రోజుల్లో మాయం చేస్తారట! చర్మానికి రాసే పలు స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి కేంద్రం 2018లో చేర్చింది. ఊరికే చేర్చలేదు కదా.

నాలుగోది: కోర్సు పూర్తి చేయమనేది కంపెనీల అమ్మకాల కోసమే, జ్వరం దిగగానే ఆపేయండి.

ఇక్కడ ఆ ఫార్వర్డ్ రాసిన మహానుభావుడికి సగం మార్కు ఇవ్వక తప్పదు. మధ్యలో ఆపితే రెసిస్టెన్స్ (బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం) వస్తుందని అందరం వల్లించే మాటకు గట్టి రుజువు లేదని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే నిపుణులు రాశారు. అవసరం లేని ప్రతి డోసూ పేగుల్లోని మామూలు బ్యాక్టీరియాను మందుకు అలవాటు చేస్తుంది. మామూలు న్యుమోనియాలో కోలుకుంటున్న మనిషికి 5 రోజులు చాలని తేలింది. కానీ ఎప్పుడు ఆపాలో జబ్బును బట్టి ఉంటుంది. మామూలు టీబీకి 6 నెలల మందు, దగ్గేమో చాలామందికి ఎంతో ముందే తగ్గుతుంది. స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పికి పెన్సిలిన్ 10 రోజులు, గుండె కవాటాలను కాపాడటానికి. జ్వరం దిగడమే కొలత అయితే డోలో వేసినా దిగుతుంది, అప్పుడు యాంటీబయాటిక్ ఎందుకు?

ఐదోది: కల్చర్ టెస్టు కమీషన్ దందా, రిపోర్టు వచ్చేలోపు మనిషి పోతాడు, చేయిస్తే మాత్రం అందులో చిన్న నంబరున్న మందు మీరే కొనుక్కోండి.

రిపోర్టు వచ్చేదాకా మందు లేకుండా ఎవరూ కూర్చోబెట్టరు బాబూ. శాంపిల్ తీసుకుని, అంచనాతో మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి మారుస్తారు. బ్యాక్టీరియాకు ఒక రాత్రి పెరగడానికి, ఇంకో రాత్రి మందు అద్దిన కాగితపు బిళ్లల మధ్య బతుకుతుందో లేదో తేలడానికి కావాలి. దాన్ని తొందరపెట్టడం మా చేతుల్లో లేదు.

ఆ చిన్న నంబరు సంగతి. బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి ఆ మందు కనీసం ఎంత గాఢంగా కావాలో చెప్పేది ఆ నంబరు. మూత్రంలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా వచ్చింది, రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా 1, నైట్రోఫ్యురాంటోయిన్ ఎదురుగా 16 ఉంది అనుకోండి. ఫార్వర్డ్ మాట విని సిప్రో కొంటారు. ఆ బ్యాక్టీరియా మీద సిప్రోకు 1 అంటే ఫెయిల్. నైట్రోఫ్యురాంటోయిన్‌కు 16 పాస్, 32 కూడా పాసే. ఎందుకంటే ఆ మందు మూత్రంలో గాఢంగా చేరుతుంది. ప్లేటు మీదా అంతే. బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం అడ్డంగా 20 మిల్లీమీటర్లు ఉంటే ఆంపిసిలిన్ పాస్, అదే 20 సిప్రోకు ఫెయిల్. నంబరు పక్కన ఎస్ (పాస్) అనో ఆర్ (ఫెయిల్) అనో ఒక అక్షరం వేసేది అందుకే. రిపోర్టు ఫొటో తీసి నాకు పంపి "ఏది కొనమంటావ్" అని మాత్రం అడగకండి. నేను కొలతలు తీసేవాణ్ణి. మీ కిడ్నీలు ఎలా ఉన్నాయో, మీరు కడుపుతో ఉన్నారో లేదో అడిగి మందు రాసేది డాక్టర్.