ట్రాన్స్‌ఫర్ కేసు గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు గారి దివ్యసముఖమునకు, విజయనగరం వాస్తవ్యుడైన ఒక పాత జీపు యజమాని అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. అయితే తమరు ప్రస్తుతం గంటస్తంభానికి కాస్త దూరంలో ఉన్న ఒక రేకుల షెడ్డులో, గోనెపట్టా మీద, పళ్లచక్రాలు ఒకవైపు, బేరింగులు ఒకవైపు, పోత ఇనుప పెట్టె మరొకవైపుగా విడివడి ఉన్నారు కనుక ఆ మాట రాయడం పరిహాసమవుతుంది.

తమరి కొలువేమిటో తెలియని పాఠకులు ఉంటారు కనుక ముందుగా ఆ సంగతి చెప్పుకోవాలి. ఇంజను పుట్టించిన బలం క్లచ్చి దాటి, మూడు గేర్ల టి-90 గేరుబాక్సు దాటి తమ వద్దకు వస్తుంది. తమరు దాన్ని ఒక ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక చక్రాలకూ, డ్రైవరు లివరు వేసినప్పుడు మరొక షాఫ్టు ద్వారా ముందు చక్రాలకూ పంచుతారు. ఇంకో లివరు వేస్తే అదే బలాన్ని 2.46 రెట్లు చేసి మరీ పంచుతారు. మొదటి గేరు 2.798, తమరి లో గేరు 2.46, ఇరుసులోని క్రౌన్ పినియన్ అనే పళ్లచక్రాల జోడీ 5.38, ఈ మూడు నిష్పత్తులనూ హెచ్చవేస్తే ఇంజను సుమారు 37 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 1953లో అమెరికాలో వెలువడి, అక్కడ 1968లో ఆగిపోయి, మన దేశంలో మహీంద్రా వారి చేతుల్లో ఆ తరువాత కూడా చాలాకాలం బతికిన సి.జె.-3బి జీపు, 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజనుతోనే ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాటీ ఎక్కగలిగిందంటే అది ఆ 37 పుణ్యమే. అందినదానికంటే ఎక్కువ పంచిపెట్టే అధికారిని ఈ జిల్లాలో నేను మరొకరిని చూడలేదు. ఆ లోటును వేగంలో మినహాయించుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

తమరికి ఒక పాత అలవాటు ఉంది. తమరి తరువాతి తరం వారైన డానా 20 గారు హై గేరులో బలాన్ని వెనుకకు నేరుగా పంపేస్తారు. తమరు మాత్రం హైలోనైనా, లోలోనైనా లోపలున్న మధ్య పళ్లచక్రం చేత ముద్ర వేయించనిదే ఏ ఫైలునూ కదలనివ్వరు. అందువల్ల తమరు నడిచినంతసేపూ ఒక రోద వినిపిస్తూనే ఉంటుంది. 1919లో సంగీత కళాశాల పెట్టించుకుని, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి అధ్యక్షుడిగా కూర్చోబెట్టుకున్న ఊరు ఇది. ఇక్కడ శ్రుతి తప్పితే అరుగు మీద కూర్చున్నవారు కూడా తల అడ్డంగా ఊపుతారు. అటువంటి ఊరిలో తమరి కచేరీని మాత్రం ఇన్నేళ్లుగా ఎవరూ ప్రశ్నించలేదు. ఏ షెడ్డుకు తీసుకువెళ్లినా “పాత బండి గదండి బాబూ, ఆ మాత్రం సప్పుడు ఉంటాది” అనే సమాధానమే వచ్చింది. పుట్టుకతో వచ్చిన రోద ఒకే తీరుగా సాగుతుందనీ, అరుగుదలతో వచ్చిన రోద యాక్సిలరేటరు మీద కాలు తీయగానే గొంతు మార్చుకుంటుందనీ చెవి ఉన్నవారెవరైనా చెప్పగలరు. కాని వయసును నిందిస్తే పెట్టె విప్పే పని తప్పుతుంది కదా!

విప్పకుండా చేసిన వైద్యం ఏమిటంటే, కారినంత ఆయిలు మళ్లీ పోయడం. తమరికి ఎస్.ఎ.ఇ. 90 గేరాయిలు ఇష్టమైన నైవేద్యమే గాని, సగం తమరే పుచ్చుకుని మిగతా సగం నేలకు ధారపోయడం ఏ శాస్త్రంలోనూ లేదు. పైగా తమరికీ గేరుబాక్సుకూ మధ్యనున్న షాఫ్టు దారిన ఆయిలు గుట్టుగా ఇల్లు మారుతూ ఉంటుంది కనుక, ఒకరి మట్టం చూసి మరొకరి ఆరోగ్యం చెప్పడానికి వీలులేదు. ఇంత మాత్రమే అయితే భరించేవాడిని. ఈ జీపుల్లో చేతి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. తమరి వెనుక భాగంలో, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉన్న డ్రమ్ములో ఉంటుంది. వెనుక ఆయిలు సీలు అరిగితే తమరి ప్రసాదం అంతా ఆ బ్రేకు షూలకే అందుతుంది. చేతి బ్రేకు లాగినప్పుడు చెయ్యి నొప్పి పుట్టడం తప్ప బండి మీద దాని ప్రభావమేమీ కనిపించేది కాదు. ఘాటీలో ఆగవలసి వస్తే వెనుక చక్రం కింద రాయి వేయడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. అతనికి బత్తా ఇచ్చారు గాని, సీలు మాత్రం కొనలేదు.

ఇక లోపలి సంగతి. తమరి మధ్య చక్రం తిరిగేది కదలని ఒక షాఫ్టు మీద, సూదుల్లాంటి రోలర్ల ఆధారంతో. ఆయిలు తగ్గిన ప్రతిసారీ ఆ రోలర్లు షాఫ్టును కొరుకుతాయి. షాఫ్టు లోతుకుపోయిన కొద్దీ చక్రం ఒకవైపుకు ఒరుగుతుంది, పళ్లు అంచుల మీద పనిచేస్తాయి, అటూ ఇటూ ఉన్న వాషర్లు పల్చబడతాయి. తమరి వంశంలో ఆ షాఫ్టు 3/4, 1 1/8, 1 1/4 అంగుళాలుగా మూడు వ్యాసాల్లో ఉంది. తమరిని విప్పి చూస్తే షాఫ్టు ఒక తరానిది, రోలర్లు మరొక తరానివి. రెంటి మధ్యా మిగిలిన ఖాళీలో ఎవరో రేకు ముక్క చుట్టి సఖ్యత కుదిర్చారు. లేతు పని తెలిసినవారు ఉన్న ఊళ్లో రేకు ముక్కకు ఇంత ఉద్యోగం ఎందుకు ఇచ్చారో నాకు అంతుపట్టలేదు.

తమరి రెండు లివర్ల కడ్డీల మధ్య ఒక చిన్న ఇనుప మాత్ర ఉండాలి. ముందు చక్రాలకు బలం కలపకుండా ఎవరైనా లో గేరు వేయబోతే అది అడ్డుపడుతుంది. రెట్టింపుకు మించిన బలమంతా వెనుక ఇరుసు ఒక్కదాని మీద పడి యాక్సిలు షాఫ్టు మెలిదిరగకుండా కాపాడే కాపలాదారు అది. తమలో ఆ మాత్ర లేదు. లివరు బిగుతుగా ఉందని తీసేశారట. ప్రశ్నించేవాడిని తీసేస్తే పని సాఫీగా జరుగుతుందనే సూత్రం రెవెన్యూ కార్యాలయాల నుంచి గేరాయిలు దాకా ప్రవహించిందన్నమాట.

అసలు కథ ఇంకా వెనుక ఉంది. లారీలకు పేరుపడ్డ సాలూరు నుంచి రప్పించిన ఒక ముసలి మేస్త్రీ, తమరి పళ్లను కాసేపు వేలితో తడిమి, “ముందూ ఎనకా ఒకే లెక్కేనా బాబూ?” అని అడిగాడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్న అది. జీపును స్టాండ్ల మీదికి ఎత్తి, టైర్ల మీదా షాఫ్టుల మీదా సుద్దముక్కతో గీతలు గీసి, రెండు చక్రాలనూ కలిపి ఒక చుట్టు తిప్పి చూశాం. ముందు షాఫ్టు అయిదుంపావు దాటి తిరిగింది. వెనుక షాఫ్టు అయిదు చుట్లు నిండకుండానే ఆగిపోయింది. మూతలు తీసి పళ్లు లెక్కపెడితే ముందు క్రౌన్ చక్రానికి 43, వెనుకదానికి 39, రెండు పినియన్లకూ ఎనిమిదేసి. అంటే ముందు 5.38, వెనుక 4.88. ఆ రెండోది రెండవ ప్రపంచయుద్ధ కాలపు సైనిక జీపుల లెక్క. అప్పటి ఇరుసు ఏ తుక్కు కొట్టులోనో దొరికి, బోల్టులు సరిపోయాయి కనుక పెళ్లి జరిగిపోయింది. జాతకాలు చూసే దేశంలో పళ్లు చూడకపోవడం విడ్డూరం.

దీని ఫలితాన్ని అనుభవించింది తమరు. ఫోర్‌వీల్ లివరు వేసినప్పుడు ముందు చక్రాలు 100 చుట్లు తిరగమంటే వెనుక చక్రాలు 110 తిరుగుతామంటాయి. భీమిలి ఇసుకలోనో, వరిమడి బురదలోనో అయితే టైరు జారి తగవు తీరిపోతుంది. తారు రోడ్డు మీద టైరు జారదు, తమలో సెంటర్ డిఫరెన్షియల్ అనే మధ్యవర్తి లేడు. దానితో ఆ తగవంతా షాఫ్టుల్లో మెలికగా పేరుకుని, వాటి కీళ్లలోని యూజే క్రాసులను నమిలి, చివరికి తమరి పళ్లను పట్టుకుంటుంది. అప్పుడు లివరు ఎంత లాగినా రాదు. రాకపోతే సుత్తితో కొట్టేవారట! నిజానికి రెండు ఇరుసులూ ఒకే లెక్కలో ఉన్నప్పటికీ పొడి తారు రోడ్డు మీద ఆ లివరు జోలికి పోకూడదు, ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికంటే ఎక్కువ దూరం నడవాలి. ఇక లెక్కలే వేరైతే చెప్పేదేముంది? ఇన్నేళ్లుగా నేరం ఇరుసుది, శిక్ష తమరిది. తమరిలో కొత్త బేరింగులు ఎన్నిసార్లు వేసినా ఈ తీర్పే పునరావృతమయ్యేది. కనుక ముందుగా వెనుకకు 43 పళ్ల జోడీ తెప్పించాం. పళ్లకు నూనెలో కలిపిన సింధూరం పూసి, తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడేదాకా పినియన్ కింద షిమ్ములనే పల్చటి బిళ్లలు మారుస్తూ కూర్చున్నాం. హనుమంతుడికి తప్ప మరెవరికీ ఇంత శ్రద్ధగా సింధూరం పూయడం ఆ షెడ్డు చూసి ఉండదు. ఆ పని ముగిశాకనే తమరి వంతు వచ్చింది.

ఈలోగా ప్రభుత్వం వారి సంగతి కూడా మనవి చేయాలి. యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజి వాహనాలుగా గుర్తించి, వాటికి వి.ఎ. అక్షరాలతో నంబరు ఇచ్చే కేంద్ర నిబంధనలు 2021లో వచ్చాయి. ఆ గౌరవం దక్కాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను మూలరూపంలోనే ఉండాలన్నారు. ఆ జాబితాలో తమరి పేరు లేదు. మోసేవారిని, కనిపించేవారిని, అరిచేవారిని తలచుకున్నారు గాని పంచేవారిని మరచిపోయారు. ఇది అవమానమో, లేక రేకు ముక్కలకు కూడా దొరకని స్వేచ్ఛో తమరే నిర్ణయించుకోవలసింది.

ఇప్పుడు తమరికి 1 1/4 అంగుళాల షాఫ్టు, దానికి తగిన మధ్య చక్రం, రోలర్లు, కొత్త వాషర్లు సమకూరాయి. వెనుక బేరింగు మూత కింద షిమ్ములు అమర్చి, షాఫ్టు బిగుసుకోకుండా, ఊగకుండా చూశాం. ఇనుప మాత్రను దాని గదిలో పునఃప్రతిష్ఠించాం. ప్రొపెల్లర్ షాఫ్టుల బాణం గుర్తులు ఎదురెదురుగా ఉండేలా కలిపాం. ఒక్క గాడి పక్కకు పోయినా బండంతా వణుకుతుందని మేస్త్రీ హెచ్చరిక. ఇందుకు ప్రతిఫలంగా తమరి నుంచి పెద్ద కోరికలేమీ లేవు. రోద పుట్టుకతో వచ్చినంత వరకే ఉండనివ్వండి. లివరు సుత్తి లేకుండా కదలనివ్వండి. కారడం తమరి వంశాచారమనీ, మానడం కుదరదనీ అంటే కాదనను. కాని దయచేసి చేతి బ్రేకు ఉన్న వెనుక వైపు కాకుండా, ముందు షాఫ్టును తగిలించే యోకు వైపు కారవలసిందిగా ప్రార్థన. అక్కడ నేను ఒక పళ్లెం పెట్టుకుంటాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
విజయనగరం.