పాత కారు బాడీ దొరికితే ఆ వాట్సాప్ చిట్కాలు నమ్మకండి

"పాత కారు దొరికిందా? ఏ కంపెనీదో, ఏ సంవత్సరందో 5 నిమిషాల్లో మీరే కనుక్కోండి" అని ఒక మెసేజ్ కొన్ని నెలలుగా గ్రూపుల్లో తిరుగుతోంది. నాకే ఏడెనిమిది మంది పంపారు. అందులో ఆరు చిట్కాలున్నాయి. కారు ముందు ఏ పేరుంటే ఆ కంపెనీయే దాన్ని తయారు చేసింది. చాసిస్ (బండి అడుగు చట్రం) నంబర్లో పదో అక్షరం సంవత్సరం చెబుతుంది. ఆర్సీలో ఉన్న తేదీయే కారు పుట్టిన తేదీ. జీపు ముందు ఏడు చీలికలుంటే అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ కంపెనీ జీపు. ప్లేటు మీద 'బాడీ బై ఫిషర్' అని ఉంటే అది ఫిషర్ కంపెనీ చేసిన అరుదైన కారు. నంబర్లు కనపడకపోతే ఎమరీ పేపర్‌తో రుద్దాలి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడిపేవారు. నేను రేకు కొట్టడం అక్కడే నేర్చుకున్నాను. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా ఉన్నది ఉన్నట్టు నమ్మదగ్గది కాదు. ఆరోదైతే చేతిలో ఉన్న సాక్ష్యాన్నే చెరిపేస్తుంది. అందుకే దానితోనే మొదలుపెడతాను.

ఎమరీతో రుద్దమన్న సలహా

ఈ మధ్య గుడివాడ వైపు నుంచి ఒక కుర్రాడు ఆటో ట్రాలీలో అంబాసిడర్ బాడీ ఒకటి తెచ్చాడు. ఇంజన్ లేదు, సీట్లు లేవు, కాగితాలు లేవు. అమ్మినతను '1954 మోడల్' అని చెప్పి లక్షా ఎనభై వేలు తీసుకున్నాడట. బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు మీద అల్యూమినియం ప్లేటు తళతళా మెరుస్తోంది. దాని మీద ఒక్క అంకె లేదు. "మెసేజ్‌లో చెప్పారు కదా బాబాయ్, గ్రైండర్‌కి ఎమరీ డిస్క్ పెట్టి రుద్దాను" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ ప్లేట్లు పల్చటి రేకులు. అంకెలు లోతుగా దిగవు. తుప్పు, గ్రీజు, నాలుగు పొరల పెయింటు కింద కూడా అవి భద్రంగానే ఉంటాయి. గీకితే మాత్రం పెయింటుతో పాటు పోతాయి. చాసిస్ మీద కొట్టిన నంబరు దగ్గర గ్రైండర్ ఆనిస్తే ఇంకా ప్రమాదం. రేపు ఆర్టీవో ఆఫీసులో బండిని తనిఖీ చేసేవాళ్లకు అది నంబరు మార్చిన బండిలాగే కనపడుతుంది. దొంగ బండి కాదని నిరూపించుకోవడం మీ నెత్తిన పడుతుంది.

చేయాల్సింది చాలా తేలిక. కిరసనాయిల్లో తడిపిన గుడ్డ రాత్రంతా ప్లేటు మీద వేసి ఉంచండి. పొద్దున సబ్బు నీళ్లతో, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా కడగండి. ఆరాక టాల్కం పౌడర్ గానీ సుద్దపొడి గానీ వేలితో రాసి, పైపైన తుడవండి. గుంటల్లో తెల్లగా నిలుస్తుంది. తర్వాత గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని ప్లేటుకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రేకుకు ఆనించి పట్టండి. ఎదురు వెలుగులో కనపడని అంకె పక్క వెలుగులో నీడతో లేస్తుంది. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు కూడా దిగుతుంది. రివెట్లు మాత్రం ఊడదీయకండి. ఆ ప్లేటు ఆ బాడీదే అనడానికి పాత రివెట్లే సాక్ష్యం.

"కారు ముందున్న పేరే తయారీదారు"

జాలీ (కారు ముందు గ్రిల్), బ్యాడ్జి, బంపర్, లైట్లు బోల్టుతోనో స్క్రూతోనో వచ్చేవి. పది నిమిషాల్లో మారతాయి. చూడాల్సింది అచ్చుపోసి వెల్డింగ్ చేసిన రేకుని.

ఆ కుర్రాడి కారునే తీసుకోండి. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2 1954లో వచ్చింది. దాన్నే మన దగ్గర హిందుస్థాన్ మోటార్స్ ల్యాండ్‌మాస్టర్‌గా చేసింది. అంబాసిడర్‌కి మూలం ఆ తర్వాత 1956లో వచ్చిన సిరీస్ 3. బానెట్ మీద గాడులు, వెనక మడ్‌గార్డుల చివర చిన్న తోకలు సిరీస్ 3తో వచ్చినవే. మూలమే 1956లో పుడితే 1954 అంబాసిడర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ కారుకి గాడులూ ఉన్నాయి, తోకలూ ఉన్నాయి.

ముందు జాలీ మాత్రం మొదటి రకం అంబాసిడర్‌దే. దాన్ని చూసే కుర్రాడు నమ్మాడు. జాలీ విప్పితే కింద రెండు జతల రంధ్రాలు బయటపడ్డాయి. ఒక జతని లప్పంతో పూడ్చేశారు. అయస్కాంతం తెచ్చి పెట్టాను. రేకు మీద టక్కున అంటుకుంది, లప్పం ఉన్నచోట జారిపోయింది. డ్యాష్‌బోర్డు బిగించే కోతలు చూస్తే మార్క్ 2వి, అంటే రెండో రకం అంబాసిడర్‌వి. 1960ల మొదట్లో మార్క్ 2 వచ్చినప్పుడు జాలీ, మీటర్ల పలక రెండూ మారాయి. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. అంటే మార్క్ 2 బాడీకి పాత జాలీ తగిలించి 1954 అని అమ్మారన్నమాట.

ఫియట్‌ది ఇంకో కథ. మన ఊళ్లలో ఇప్పటికీ పద్మినిని ఫియట్ అనే పిలుస్తారు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఫియట్ లైసెన్సుతో చేసిన కారు అది. ప్రీమియర్ పద్మిని అన్న పేరు 1974లో వచ్చింది. పేరు పలక ఊడిపోయిన బాడీ దొరికితే తలుపు కీళ్లు చూడండి. 1950ల నాటి ఫియట్ 1100కి ముందు తలుపు కీళ్లు మధ్య స్తంభానికి ఉంటాయి, తలుపు వెనక్కి తెరుచుకుంటుంది. బొంబాయిలో డుక్కర్ ఫియట్ అనేది దాన్నే. 1964 నుంచి ఇక్కడ చేసిన 1100డికి, తర్వాతి పద్మినికి కీళ్లు మామూలుగా ముందు స్తంభానికే. స్తంభం కోసి కీలు మార్చేంత ఓపిక ఏ బ్రోకరుకీ ఉండదు.

"ఏడు చీలికలుంటే యుద్ధం నాటి విల్లీస్"

ఇది పూర్తిగా తిరగబడ్డ మాట. యుద్ధ కాలంలో అచ్చుపోసిన జీపు జాలీకి చీలికలు తొమ్మిది. ఏడు చీలికలు 1945లో మొదలైన పౌర జీపు సీజే వరసతో వచ్చాయి. మహీంద్రా వాళ్లు 1947 నుంచి బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మన పల్లెల్లో, పోలీసు స్టేషన్ల వెనక ఎక్కువగా కనపడే బానెట్ ఎత్తుగా ఉన్న జీపు సీజే-3బీ రకం. దానికీ చీలికలు ఏడే. ఈ చిట్కా పట్టుకుంటే ఊళ్లో సగం జీపులు యుద్ధానికి వెళ్లొచ్చినవే అవుతాయి.

జీపు విషయంలో తయారీదారు అన్న మాటే తికమక పెడుతుంది. యుద్ధ కాలంలో ఒకే డిజైన్‌ని విల్లీస్ 'ఎంబీ' పేరుతో, ఫోర్డ్ 'జీపీడబ్ల్యూ' పేరుతో చేశాయి. రెండూ కలిపి 6 లక్షలకు పైగా బళ్లు. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. తేడా కావాలంటే రేడియేటర్ కింద చాసిస్ ముందు అడ్డకమ్మీ చూడాలి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన యూ ఆకారమైతే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం కొట్టేవాళ్లు. ఇక బాడీ సంగతి. విల్లీస్ బాడీలు ఇండియానా రాష్ట్రంలో అమెరికన్ సెంట్రల్ అనే కంపెనీలో తయారయ్యేవి. తర్వాత ఫోర్డ్ కూడా అక్కడి నుంచే తెప్పించుకుంది. కాబట్టి బాడీ ఒక్కటే మిగిలితే దాన్ని బట్టి విల్లీసా, ఫోర్డా అని తొందరపడి తేల్చకూడదు. చాసిస్ కూడా ఉంటేనే మాట నిలబడుతుంది.

"ఫిషర్ కంపెనీ కారు"

ఫిషర్ పేరుతో కారు బ్రాండ్ ఏదీ లేదు. ఫిషర్ అన్నదమ్ములు 1908లో డెట్రాయిట్‌లో పెట్టింది బాడీలు చేసే కంపెనీ. 1926 నాటికి అది పూర్తిగా జనరల్ మోటార్స్ చేతికి వచ్చింది. షెవర్లే, పాంటియాక్, బ్యూక్, కాడిలాక్ అన్నింటికీ ఆ ప్లేటే ఉండేది. అరుదు అనే మాటే లేదు. ఆ ప్లేటు వల్ల ఉపయోగం మాత్రం చాలా ఉంది. స్టైల్ నంబర్ 55-1019డి అని ఉంటే మొదటి రెండంకెలు 1955 మోడల్ అని, మిగతాది షెవర్లే బెల్ ఎయిర్ నాలుగు తలుపుల సెడాన్ అని. ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, 1955 షెవర్లే అమ్మకాలు 1954 అక్టోబరులోనే మొదలయ్యాయి. మోడల్ సంవత్సరం, తయారైన సంవత్సరం ఒకటే కానక్కర్లేదు.

బాడీ ఒకరిది, కారు ఇంకొకరిది అంటే నమ్మబుద్ధి కాకపోతే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లి నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ని చూడండి. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. చాసిస్, ఇంజన్ రోల్స్ రాయిస్‌వి. సింహాసనంలాంటి సీటుతో సహా ఆ బాడీ లండన్‌లోని బార్కర్ వాళ్ల పని. రెండో ప్రపంచ యుద్ధం వరకు రోల్స్ రాయిస్ చాసిస్ మాత్రమే అమ్మేది. బాడీ ఎవరి దగ్గర కట్టించుకోవాలన్నది కొనేవాళ్ల ఇష్టం.

పదో అక్షరం

17 అక్షరాల చాసిస్ నంబరు అమెరికాలో 1981 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. పదో అక్షరం సంవత్సరం అన్నది అక్కడి నియమం. యూరప్‌లో చాలా కంపెనీలు దాన్ని పాటించవు. 1960ల అంబాసిడర్ నంబర్లో అసలు 17 అక్షరాలే ఉండవు, పదోది ఎక్కడ వెతుకుతారు? కొత్త బళ్లలో కూడా ఆ అక్షరం 30 ఏళ్లకు మళ్లీ తిరిగి వస్తుంది. 'ఏ' అంటే 1980 కావచ్చు, 2010 కావచ్చు.

"ఆర్సీ తేదీయే పుట్టిన తేదీ"

ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారైన నెల, సంవత్సరం వేరు. మిలిటరీ వేలంలో కొన్న జీపు ఎన్నో ఏళ్లు సైన్యంలో తిరిగాకే పౌర నంబరు తీసుకుంటుంది. ఇంజన్ నంబరుదీ ఇదే గొడవ. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేయించిన అంబాసిడర్లు మా షెడ్డులోనే లెక్కలేనన్ని చూశాను.

అలాగని ఆర్సీ పనికిరాదని కాదు, దాని పని వేరు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. అప్పుడే 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు. అందుకే తాతగారి కారు తుక్కుకి వేసేముందు పెట్టెలు, బీరువాలు వెతకండి. పాత ఆర్సీ బుక్కు, ఇన్సూరెన్స్ కాగితం, పన్ను రసీదు, ఆఖరికి కారు పక్కన నిలబడి దిగిన పెళ్లి ఫొటో కూడా పనికొస్తుంది. ఫొటోలో నంబరు ప్లేటు కనపడితే పాత రిజిస్టర్లలో వెతకడానికి దారి దొరుకుతుంది.

ఆ కుర్రాడి కారు 1960ల మొదలు నుంచి 1975 లోపుది అని మాత్రం చెప్పగలిగాను. ప్లేటు ఉండి ఉంటే అంతకంటే దగ్గరగా చెప్పేవాణ్ని. వెనక సీటు కింద పెయింటు పొరలు గోటితో లేపి చూస్తే అన్నిటికంటే అడుగున నలుపు, దాని మీద మీగడ రంగు, పైన తెలుపు కనిపించాయి. డిక్కీ మూత లోపల పసుపు పెయింటుతో ఒక లారీ ఆఫీసు పేరు సగం చెరిగిపోయి ఉంది, ఊరు పేరు మాత్రం చదవగలిగాం. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి ఆ ఊరు వెళ్తున్నాం. అప్పట్లో ఆ నల్ల కారు ఎవరిదో తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారేమో అడగాలి.