బోర్డు సభ్యుల వెసులుబాటు, ప్రజల హక్కు

కాలిఫోర్నియాలో నగర కౌన్సిల్ అయినా, కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) బోర్డు అయినా, స్కూల్ బోర్డు అయినా ప్రజల ఎదుటే సమావేశమై నిర్ణయాలు తీసుకోవాలని 1953 నాటి బ్రౌన్ చట్టం చెబుతుంది. సాధారణ సమావేశానికి 72 గంటల ముందే అజెండా అందరికీ కనబడేలా పెట్టాలి. సభ్యులెవరైనా దూరం నుంచి పాల్గొనదలిస్తే తామున్న చోటి చిరునామాను ఆ అజెండాలో ప్రకటించి, అక్కడికి కూడా ప్రజలను రానివ్వాలన్నది పాత నిబంధన. అంటే, ఇంటి నుంచి ఓటు వేయదలచిన సభ్యుడు ఆ ఇంటి తలుపును ఊరివారందరికీ తెరిచి ఉంచవలసిందే.

కొవిడ్ కాలంలో ఈ నిబంధనను పాటించడం సాధ్యం కాలేదు. 2020 మార్చి 4న అత్యవసర పరిస్థితి ప్రకటించిన గవర్నర్ గావిన్ న్యూసమ్, అదే నెల 17న ఇచ్చిన ఉత్తర్వుతో దానిని పక్కన పెట్టారు. ఆ సడలింపు 2021 సెప్టెంబరు 30తో ముగియవలసి ఉండగా, శాసనసభ ఏబీ 361 అనే చట్టం తెచ్చి, దానిని కొనసాగనిస్తూనే ఒక కట్టుబాటు ఏర్పరచింది. సభ్యులంతా ఎవరి ఇళ్ల నుంచి వారు కూర్చున్నప్పుడు ప్రజలు వెళ్లగలిగే గది అంటూ ఉండదు. ఫోన్ లైను, వీడియో లింకు మాత్రమే వారికి మిగిలిన దారి. అందుకే ప్రసారం తెగిపోతే అది తిరిగి వచ్చేవరకు బోర్డు ఏ నిర్ణయమూ తీసుకోకూడదనీ, అభిప్రాయాలను ముందే రాసి పంపాలని షరతు పెట్టకుండా సమావేశం జరుగుతుండగానే మాట్లాడనివ్వాలనీ ఆ చట్టం నిర్దేశించింది. దూర సమావేశాల విషయంలో నేను చూసిన నిబంధనల్లో ఇంత సూటిగా ప్రజల పక్షాన నిలిచినవి తక్కువ.

అయితే ఆ చట్టంలోనే ఉన్న మరో రక్షణ ఆచరణలో పలచబడింది. సడలింపు కొనసాగాలంటే, పరిస్థితిని పునఃపరిశీలించామని, ఎదురెదురుగా కలుసుకోవడం ఇంకా క్షేమం కాదని, లేదా అధికారులు భౌతిక దూరం పాటించాలని ఇంకా సూచిస్తున్నారని బోర్డు ప్రతి 30 రోజులకూ తీర్మానించాలి. ఈ తీర్మానాన్ని చాలా బోర్డులు చర్చ లేకుండా ఒక్క ఓటుతో ఆమోదించే అంశాల జాబితాలో చేర్చేశాయి. ఆ నెలలో ఏం మారిందో, ఎందుకు ఇంకా ఇంటినుంచే సమావేశమవుతున్నారో వినే అవకాశం అలా పోయింది. 2023లో వచ్చిన ఏబీ 557 అనే మరో చట్టం ఆ గడువును 45 రోజులకు పెంచింది. పని భారం తగ్గించడానికే కావచ్చు గానీ, గడువు పెంచినప్పుడు కారణాలు వివరించి చెప్పే బాధ్యతను కూడా పెంచి ఉండవలసింది.

రాష్ట్రంలో కొవిడ్ అత్యవసర పరిస్థితి 2023 ఫిబ్రవరి 28న ముగిసింది. సభ్యులు తిరిగి సభామందిరానికి రావడం సబబే. ఓటు వేసేవారు ప్రజల కళ్లెదుట కూర్చోవాలి. ప్రజలు ఇంటినుంచి మాట్లాడే అవకాశం మాత్రం చాలాచోట్ల బోర్డు దయగా మిగిలింది. అదే ఏడాది ఫోన్ లైన్లలో ద్వేషపూరిత దూషణలు పెరగడంతో శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డు ఆఫ్ సూపర్‌వైజర్స్ సహా పలు పాలకమండళ్లు ఆ అవకాశాన్ని కుదించాయి లేదా తీసివేశాయి. ఆ దూషణలు విన్నవారి బాధ నిజమైనదే. కానీ ఆ లైను మూసినప్పుడు నష్టపోయేది, పసిపిల్లను నిద్రపుచ్చుతూ స్కూల్ సరిహద్దుల మార్పుపై రెండు నిమిషాలు మాట్లాడదలచిన తల్లి, రాత్రి షిఫ్టులో ఉన్న కార్మికుడు, చక్రాల కుర్చీలో ఉన్న వృద్ధుడు. ఫ్రీమాంట్, శాన్ రామోన్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది పరాయి విషయం కాదు.

అత్యవసర పరిస్థితి సభ్యులకు ఇచ్చే సడలింపును, ప్రజలకు దూరం నుంచి వినే, మాట్లాడే హక్కును ఒకే ముడి వేయడమే మొదటి నుంచి జరిగిన పొరపాటు. మొదటిది ప్రమాదం తగ్గగానే ముగియాలి, రెండోది నిలవాలి. 2025లో ఆమోదం పొందిన ఎస్‌బీ 707 చట్టం 2026 జులై 1 నుంచి పెద్ద నగరాల, కౌంటీల పాలకమండళ్లు ఇరువైపులా మాట్లాడుకోగల ఫోన్ లేదా వీడియో సదుపాయం కల్పించాలంటూ ఈ ముడిని కొంత విప్పింది. దాని పరిధిలోకి రాని చిన్న బోర్డులు చట్టం తమదాకా వచ్చేవరకు ఆగకుండా, వచ్చే నెల అజెండాలోనే ఆ లింకును చేర్చవచ్చు.