పద్మినికి పరకాయ ప్రవేశం

మా పాత కారుకు ఏసిన ఇంజన్‌కు 22 వేలు. ఈ మొత్తం కథల నేను అనుకున్న ప్రకారం అయిన ఖర్చు ఇదొక్కటే. మిగతావన్నీ దాని ఎనుక పెండ్లికొచ్చిన చుట్టాల లెక్క ఒకటెనుక ఒకటి దిగినయ్, దేన్నీ నేను పిలిచినట్టు యాదికి లేదు.

మాది ప్రీమియర్ పద్మిని, 1975 మోడల్, క్రీం కలర్. మా నాయిన 1988ల మిర్యాలగూడల ఒక రైస్‌మిల్లు సేటు దగ్గర సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. పేరుకే పద్మిని, నల్గొండల దాన్ని ఎవ్వరూ ఆ పేరుతోని పిలవలే, అందరికీ ఫియేట్ కారే (ఇటలీ ఫియట్ 1100నే బొంబాయి కుర్లాల తయారు చేసిండ్రు గనక అది తప్పు కూడ కాదు). 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్‌కే హ్యాండ్ గేరు, ముందు సీటు బెంచి లెక్క ఒకటే కాబట్టి ముందల ముగ్గురు, ఎనుక పిల్లలు ఎంతమంది పడితే అంతమంది. మా అక్కను అత్తగారింటికి సాగనంపింది ఇదే, పుట్టినంక నన్ను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చింది ఇదే. గేరు మాత్రం మొదటి సంది మొండిదే. థర్డ్ నుంచి సెకండ్‌కు రావాలంటే నాయిన ముందుగాల ఒక తిట్టు తిట్టేటోడు, ఆ తర్వాత గుంజేటోడు. ఆ తిట్టు కూడ క్లచ్ లెక్క కారుల ఒక పార్టే అనుకునేది మేం చిన్నప్పుడు.

పోయిన ఏడాది ఎండాకాలం హెడ్డు గ్యాస్కెట్ పోయింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ల నీళ్లు కలిసి అచ్చం పాలచాయ్ లెక్క ఉన్నది, మా బామ్మర్ది అయితే వాసన కూడ చూసిండు. మెకానిక్ భాయ్ ఇప్పి చూసి, బోరు కొట్టియ్యాలె, పిస్టన్లు, రింగులు, క్రాంకు గ్రైండింగ్, సామాను బొంబాయి నుంచి రావాలె, అక్కడ కూడ పద్మిని కాలీపీలీ (నలుపు-పసుపు) టాక్సీలు 2023 అక్టోబర్ల మొత్తం బంద్ అయినయి గనక దొరికితే దొరికినట్టు, ఎంత తక్కువల అనుకున్నా 45 వేలు సార్ అన్నడు. ఆ 45 వేలు నాకు చానా ఎక్కువ అనిపించింది. ఇది రాసుకుంటుంటేనే నవ్వొస్తుంది.

అదే టైముకు నాయిన కంటి ఆపరేషన్ అయి ఎల్బీనగర్‌ల అక్క దగ్గర రెండు నెలలుండెటందుకు పోయిండు. ఇంట్ల పెద్దమనిషి లేడు, బామ్మర్ది ఉన్నడు. ఇంత కంటె డేంజర్ కాంబినేషన్ ఏ ఇంట్ల ఉండొద్దు. వాడు ఐటీఐల డీజిల్ మెకానిక్ చదివిండు, చదివినంక పానా పట్టింది లేదు గాని ఫోన్ల వీడియోలు చూసి చూసి జబర్దస్త్ నాలెడ్జ్ సంపాయించిండు.

“బావా, పాత ఇంజన్‌కు 45 వేలు పెట్టుడేంది, మారుతి వ్యాన్ ఇంజన్ ఏద్దాం. అది కూడ నిలువు ఇంజనే, ఎనుక చక్రాలనే తిప్పుతది, మన కారూ ఎనుక చక్రాలదే. దించుడు, బిగించుడు, అంతే. నాయినకు సర్ప్రైజ్.”

“వ్యాన్‌ది 796 సీసీ కదరా, సిలిండర్లు కూడ మూడే.”

“మైలేజ్ వస్తది బావా.”

మైలేజ్ అన్న మాటకు మనం పడని గుంత లేదు.

హైదరాబాద్‌ల భోలక్‌పూర్ స్క్రాప్‌ల గేరుబాక్సుతో సహా దొరికింది. కార్బొరేటర్ మోడలే తీసుకున్నం, కంప్యూటర్ లొల్లి ఉండదని. ట్రాలీ ఆటోల దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను గొప్పగా మా ఆవిడకు చెప్పిన, పూర్వం రుషులు ఒక శరీరం ఇడిచి ఇంకో శరీరంలకు పోయేటోళ్లు, దాన్ని పరకాయ ప్రవేశం అంటరు, మనం చేసేది గదే అని. ఆమె చూసి, “రుషులకు వెల్డింగ్ కావాల్నా?” అన్నది.

కావాల్సొచ్చింది. వ్యాన్ల ఆ ఇంజన్ సీట్ల కింద ఒరిగి పండుకొని ఉంటది, మా కార్ల బానెట్ కింద దానికి సరిపోయే మౌంటింగే లేదు. పాత మౌంటింగులు గ్యాస్ కట్టర్‌తోని కోసి, యాంగిలర్ ముక్కలు వెల్డింగ్ చేసి, చైన్ కప్పీకి ఇంజన్‌ను ఏలాడదీసి, దించుడు, చూసుడు, మల్ల లేపుడు. నాలుగు రోజులు వాకిట్ల అది బొడ్రాయి పండుగకు కట్టిన మేకపోతు లెక్క ఏలాడింది, చుట్టుపక్కల పిల్లలు బడి ఇడిచిపెట్టంగనే మా ఇంటికే. మౌంటింగులకు 6 వేలు. ఇంజన్ కుదిరినంక, దాని బలాన్ని ఎనుక చక్రాలకు తీస్కపోయే జాయింట్ షాఫ్ట్ పొడవు కుదరలే. లేతు దుకాణంల వ్యాన్ షాఫ్ట్ ముందు సగం, పద్మిని షాఫ్ట్ ఎనుక సగం కోసి రెండు అతికించిండ్రు, 4,500. బ్యాలెన్సింగ్ చేపియ్యాలె, దానికి హైదరాబాద్ పోవాలె అంటే, మన రోడ్ల మీద ఎవ్వడు బ్యాలెన్స్‌గ నడుపుతడు బావా అన్నడు బామ్మర్ది. ఆ మాట అప్పుడు నాకు న్యాయంగనే అనిపించింది. రేడియేటర్, పైపులు, సైలెన్సర్, క్లచ్ వైరు... మా ఆవిడ పిల్లగాని హోంవర్క్ నోట్‌బుక్ ఎనుక పేజీలల్ల రాసుడు మొదలుపెట్టింది, ముందలికెళ్లి ఎక్కాలు, ఎనుకకెళ్లి ఈ లెక్కలు, రెండూ నడిమిట్ల కలుసుకునే దినం వచ్చింది. అప్పుడడిగింది, “మీరు కారుకు ఇంజన్ ఏస్తున్నరా, ఇంజన్‌కు కారు ఏస్తున్నరా?” అని.

గేరు సంగతి ఇంకోటి. వ్యాన్ గేరుబాక్సును మా హ్యాండ్ గేరుకు కలపాలంటే రాడ్ల మీద రాడ్లు పెట్టాలె, గంత ఓపిక ఎవ్వరికుంది, బెంచి సీటు నడిమిట్ల కోసి, కింద రేకుకు బొక్క కొట్టి నేల మీద గేరు పెట్టినం. లింకు ఉల్టా పడింది. ముందుకు తోస్తే ఫస్టు పడాల్సింది సెకండు పడుతది, ఎనుకకు గుంజితే ఫస్టు. బొక్కలకెళ్లి రోడ్డు కనపడుతది, దుమ్ము సక్కగ మొకం మీదికే వస్తది, సైకిల్ ట్యూబ్ కోసి మూసినం. స్టీరింగ్ పక్కన పాత హ్యాండ్ గేరు కర్ర మాత్రం తియ్యలే, తీస్తే డబ్బా బోసిగ కనపడుతుందని షోకు అట్లనే ఉంచినం. దాని కింద ఇప్పుడు ఏ రాడ్డూ లేదు, గాలిల ఆడుతది. పైసలు సాలక పాత ఇంజన్‌ను కబాడీ ఆయనకు తూకం లెక్కన అమ్మినం, 3,800 వచ్చినయి. రేడియేటర్ ఆ పైసలతోనే కొన్నం. ఇది జర యాదుంచుకోండ్రి.

నాయిన వచ్చిండు. కండ్లద్దాలు తీసి, తుడిచి, మల్ల పెట్టుకొని బానెట్ లేపి చూసిండు. ఏం అనలే. లోపటికి పోయి బీరువ నుంచి ఆర్సీ కవర్ తెచ్చి, దాంట్లకెళ్లి ఒక పేపర్ కటింగ్ తీసి నా చేతుల పెట్టిండు. 2021ల వచ్చిన రూల్. యాభై ఏండ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్, నంబర్ల వీఏ అని ప్రత్యేకం అక్షరాలు, ఫీజు 20 వేలు. మా కారుకు ఆ ఏడే యాభై నిండుతది. ఆయన నాలుగేండ్ల సంది ఆ కాయితం దాచుకొని దినాలు లెక్కపెడుతున్నడట. కింద ఇంకో లైను ఉన్నది, చాసీ గాని బాడీ గాని ఇంజన్ గాని మార్చకుంట ఒరిజినల్‌గ ఉండాలె అని. దాని కింద నాయిన ఎర్ర పెన్నుతోని గీత కూడ గీసిండు.

“పాత ఇంజన్ యాడ పెట్టిండ్రు?”

నేను బామ్మర్ది దిక్కు చూసిన. బామ్మర్ది రేడియేటర్ దిక్కు చూసిండు.

ఆ రాత్రి గడియారం సెంటర్‌ల ఆర్టీఓ పనులు చేపించే ఒక ఏజెంట్‌ను అడిగిన. వింటేజ్ సంగతి ఇడిచిపెట్టు అన్నా, ఆర్సీల ఒక ఇంజన్ నంబర్, బండ్ల ఇంకోటి ఉంటే మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికొస్తది, పర్మిషన్ లేకుంట మార్చొద్దు, ముందుగాల గా ముచ్చట చూసుకో అన్నడు. జిరాక్స్ సెంటర్ నడుపుకుంట దినాం పది మంది ఆర్సీలు ప్రింట్ తీసే నాకు ఇది ముందే తెలువకపోవుడు, ఏం చెప్పాలె.

పొద్దున లేచేసరికి నాయిన స్నానం చేసి తయారుగున్నడు. “పోసిన పానం ఎట్లనో పోసిండ్రు, పా గట్టుకు పోయి పూజ చేపిద్దాం.” గట్టు అంటే మాకు చెర్వుగట్టే, జడల రామలింగేశ్వర స్వామి. నార్కట్‌పల్లి దిక్కు ఇరవై కిలోమీటర్ల లోపే. నేను, నాయిన, అమ్మ, బామ్మర్ది, రెండు కొబ్బరికాయలు, గుమ్మడికాయ ఒకటి.

సాఫు రోడ్డు మీద బానే పోయింది, అబద్ధమెందుకు. స్పీడ్ 45 దాటితేనే కష్టం, ఆ అతికించిన షాఫ్ట్ వల్ల కారు మొత్తం పూనకం వచ్చినట్టు ఊగుతుంది, అమ్మ అయితే దేవుని దగ్గరికొచ్చినం గదా అని దండం కూడ పెట్టింది. గట్టు ఎక్కేకాడ అసలు సంగతి బయటపడ్డది. మొదటి మలుపుల్నే ఇంజన్ గురక పెట్టి ఆగింది. ఫస్టు ఏసిన, లేవలే. అమ్మ దిగింది, లేవలే. నాయిన దిగిండు, బామ్మర్ది దిగి తోసిండు, గుమ్మడికాయ కూడ దించినం. ఒక ఆటో పన్నెండు మందితోని మా పక్కకెళ్లి హారన్ కొట్టుకుంట ఎక్కిపోయింది, అండ్ల ఒక పెద్దమ్మ తల బయటికి పెట్టి, “కొడుకా, దేవుని మొక్కు తీర్సనట్టుంది, కొబ్బరికాయ ఈడనే కొట్టు” అన్నది.

బామ్మర్దికి అప్పుడు ఐడియా వచ్చింది. “బావా, రివర్స్ గేరుకు బలం ఎక్కువుంటది. తిప్పుకొని ఎనుకకు ఎక్కిద్దాం.”

ఎనుకకే ఎక్కించిన. మెడ తిప్పుకొని, స్వామి దిక్కు కారు డిక్కీ పెట్టి. ఒక మలుపు ఎక్కింది, రెండు ఎక్కింది. కాలినడకన పోయేటోళ్లు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండ్రు, కొందరు ఇది ఏదో మొక్కు అనుకున్నరు, ఒకాయన డిక్కీకి బొట్టు కూడ పెట్టిండు. మూడో మలుపుల కిందకెళ్లి ఠంగుమని ఒక్కటే సప్పుడు. షాఫ్ట్ అతుకు ఊడి రోడ్డు మీద పడ్డది. సగం వ్యాన్‌ది, సగం పద్మినిది, ఎవ్వలది వాళ్లకు పాలు పంచినట్టు.

బ్రేకు మీద కిందికి దించుకొచ్చి ట్రాక్టర్ మాట్లాడినం. ట్రాక్టరాయన తాడు కట్టేటందుకు వంగి, టైరు చూసి, బానెట్ కిందికి ఒక్కసారి తొంగి చూసిండు. “వ్యాన్ ఇంజన్ ఏసిండ్రా? వ్యాన్‌కు 12 ఇంచుల టైర్లు సార్, దీనికి 14. ఎనుక చక్రాలు తిప్పే గేర్ల హౌసింగ్ కూడ ఫియేట్‌దే ఉంచితిరాయె. చిన్న పిల్లగాడు పెద్ద తిరగలి తిప్పినట్టు, సాఫుల తిరుగుతది, ఎక్కుడుకాడ యాడ తిరుగుతది?” రెండు నెలలు, ఒక నోట్‌బుక్, 68 వేల 400. ఆయనకు అర నిమిషం పట్టింది.

నేను స్టీరింగ్ దగ్గరికి పోతుంటే నాయిన చెయ్యి అడ్డం పెట్టిండు. “మీ చేతికి తాడు కూడ ఇయ్య. పక్కకు కూసో.” ఆయనే కూసున్నడు. ట్రాక్టర్ కదిలింది, ఎనుక మేము, సప్పుడు లేదు, పొగ లేదు, ఊగుడు లేదు. జర దూరం పోయినంక చూస్తే నాయిన ఎడమ చెయ్యి పాత హ్యాండ్ గేరు మీదున్నది. ట్రాక్టర్ స్పీడ్ పెంచితే సెకండ్ నుంచి థర్డ్ ఏస్తున్నడు, గుంతలు వస్తే థర్డ్ నుంచి సెకండ్‌కు దించుతున్నడు, క్లచ్ కూడ తొక్కుతున్నడు. కింద ఏం లేదు నాయినా అందామని నోటి దాక వచ్చింది. పానగల్ కాడ స్పీడ్ బ్రేకర్ వచ్చింది, మల్ల సెకండ్‌కు దించిండు, తిట్టలే.

“ఏందిరా, ముప్ఫై ఏడేండ్లల్ల గింత స్మూత్‌గ ఎన్నడు పడలే ఇది. మంచిగ చేపిచ్చిండ్రు.”