పదో తరగతి లెక్క ఆరులోనే తప్పుతోంది

పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజున చెన్నైలో గణితం గురించి వినిపించే ప్రశ్నలు రెండే: ఏ బడికి ఎన్ని సెంటాలు వచ్చాయి, ఎంతమంది తప్పారు. నూటికి నూరు తెచ్చుకున్నవారి ఫొటోలు ఫ్లెక్సీలకెక్కుతాయి, తప్పినవారు సప్లిమెంటరీకి ఫీజు కడతారు. ఈ ఇద్దరి మధ్యా ఉన్న పెద్ద గుంపును, అంటే నలభైతోనో యాభైతోనో గట్టెక్కి, పదకొండో తరగతి అయిన ప్లస్ వన్‌లో గణితం లేని గ్రూపు ఏదుందా అని వెతుక్కునే పిల్లలను ఎవరూ పట్టించుకోరు. వీరికి గణితం పదో తరగతిలో దూరమైందని పెద్దలు అనుకుంటారు. నిజానికి అది ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే చేజారిపోయిందనీ, సరిదిద్దే పని కూడా అక్కడే మొదలుకావాలనీ మేము భావిస్తున్నాము.

తమిళనాడు రాష్ట్ర బోర్డు పదో తరగతి గణితం ప్రశ్నపత్రాన్ని ఒకసారి చూస్తే విషయం బోధపడుతుంది. వంద మార్కుల్లో ఒక మార్కు ప్రశ్నలు 14, వీటిలో ఎక్కువ భాగం పాఠం చివర ఉండే బుక్ బ్యాక్ ప్రశ్నలే. రెండు మార్కులవి పది రాయాలి, అయిదు మార్కులవి పది రాయాలి. ఆఖరున ఒక జ్యామితి నిర్మాణం, ఒక గ్రాఫు కలిపి 16 మార్కులు. ఒక మార్కు ప్రశ్నలను బట్టీపట్టి, వృత్తానికి స్పర్శరేఖలు గీయడం, పరావలయాన్ని గ్రాఫు కాగితం మీద వేయడం చేతికి అలవాటు చేసుకున్న విద్యార్థికి 30 మార్కులు చేతిలో ఉన్నట్టే. దానికి మరో మూడు రెండు మార్కుల ప్రశ్నలు తోడైతే 36. పాసు మార్కు 35. స్లో లెర్నర్స్ అని ముద్ర వేసి విడిగా కూర్చోబెట్టిన పిల్లలకు సాయంకాలపు ప్రత్యేక తరగతుల్లో నేర్పేది దాదాపుగా ఈ కూడికే. బడి ఉత్తీర్ణత శాతాన్ని కాపాడుకోవలసిన ఉపాధ్యాయుడిని ఇందుకు తప్పుపట్టలేము. ఏడాదిలో ఆయన చేయగలిగింది అంతే. అయితే ఆ స్పర్శరేఖ వృత్తాన్ని ఒకే బిందువు వద్ద ఎందుకు తాకుతుందో, వ్యాసార్ధానికి లంబంగా ఎందుకు ఉంటుందో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు, అతడు అడగనూ లేదు.

మరి ఆ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడు? తొమ్మిదో తరగతి పిల్లలకు 1/2కు 1/3 కలపమని చెబితే 2/5 అని రాసేవారు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కలిపేశారన్నమాట. అరకు ఇంకొంత కలిపితే వచ్చిన జవాబు అరకన్నా తక్కువ ఎలా అవుతుందన్న అనుమానం వారికి కలగకపోవడమే అసలు లోపం. భిన్నం వారి దృష్టిలో ఒక సంఖ్య కాదు, గీతకు పైనొకటీ కిందొకటీ ఉన్న రెండు అంకెలు. క.సా.గు. పద్ధతిని మళ్ళీ పదిసార్లు చేయిస్తే ఆ లోపం కప్పబడిపోతుందే తప్ప పోదు. సంఖ్యారేఖ మీద 2/5 ఎక్కడ ఉంటుందో, 1/2 ఎక్కడ ఉంటుందో గుర్తించమని అడిగితే మాత్రం పిల్లవాడు తన తప్పును తానే పట్టుకుంటాడు.

ఋణసంఖ్యల సంగతీ ఇంతే. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని సూత్రంగా చెప్పేసి ముందుకు సాగిపోవడానికి ఒక నిమిషం చాలు. మూడు రెట్లు మైనస్ రెండు మైనస్ ఆరు, రెండు రెట్లు మైనస్ నాలుగు, ఒక రెట్టు మైనస్ రెండు, సున్నా రెట్లు సున్నా అని వరుసగా బోర్డు మీద రాసి, మెట్టుమెట్టుకూ జవాబు రెండేసి పెరుగుతోంది కదా, తర్వాతి మెట్టులో ఏముండాలి అని తరగతిని అడగడానికి పది నిమిషాలు పడుతుంది. మైనస్ ఒకటిని మైనస్ రెండుతో గుణిస్తే రెండు రావాలని అప్పుడు పిల్లలే చెబుతారు. పోర్షన్ పూర్తిచేయాలనే తొందరలో ఆ పది నిమిషాలు ఆదా చేసుకుంటున్నాము, దాని వల్ల కలిగే నష్టం బీజగణితంలో నాలుగేళ్ళ పాటు పేజీ పేజీకీ కనిపిస్తుంది.

బీజగణితం మొదలయ్యే ఆరో తరగతిలోనే ఇంకో చిక్కు ఉంది. ఎనిమిదికి నాలుగు కలిపితే ఎంతకు అయిదు కలిపినదానితో సమానం అన్న ప్రశ్నకు, అంటే 8 + 4 = □ + 5 అన్న గడికి, పిల్లలు ఏడు అని కాక 12 అని నింపుతారు. సమానం గుర్తును చూడగానే ఇక జవాబు రాయాలి అన్న ఆజ్ఞగా చదవడం ప్రాథమిక తరగతుల్లో అలవాటైంది. రెండు వైపులా ఉన్నది ఒకే విలువ అన్న అర్థం వారికి అందలేదు. సమీకరణం అనేదే ఆ అర్థం మీద నిలిచి ఉంది. అది లేని పిల్లలకు పక్కకు పంపితే గుర్తు మారుతుంది అన్నది ఒక మంత్రం, మంత్రం కనుక మరచిపోతారు కూడా. ఇక (a + b) మొత్తం వర్గాన్ని a వర్గం ప్లస్ b వర్గం అని రాయడం ప్లస్ టూ దాకా వదలని జాడ్యం. ఒక చదరాన్ని గీసి, భుజాన్ని రెండు ముక్కలు చేసి, లోపల ఏర్పడిన నాలుగు గదుల వైశాల్యాలను కలపమని చెబితే ఆ రెండు ab గదులు కళ్ళెదుట నిలుస్తాయి. ఇది ఏ ఖర్చూ లేని పాఠం.

పై తరగతుల్లో కష్టమని పేరుపడ్డ పాఠాలన్నిటికీ వేర్లు ఇక్కడే ఉన్నాయి. త్రికోణమితిలో ఒక కోణానికి టాన్ విలువ త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా ఒకటే ఎందుకవుతుంది? ఆ త్రిభుజాలు సరూపాలు కనుక. సరూపత అంటే భుజాల అనుపాతం, అనుపాతం అంటే రెండు నిష్పత్తుల సమానత, నిష్పత్తి చివరకు భిన్నమే. ఏడో తరగతిలో అనుపాతం అందని పిల్లలు పదిలో సైన్, కాస్ పట్టికను శ్లోకంలా వల్లిస్తారు, గోపురం ఎత్తు కనుక్కోమన్న లెక్క రాగానే పట్టికలో ఏ గడిని వాడాలో తెలియక కలం దించేస్తారు.

ఇదంతా ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. చెన్నైలోనే పాతుకున్న భారత గణితోపాధ్యాయుల సంఘం 1965 నుంచి ఇటువంటి విషయాలనే చర్చిస్తూ వస్తోంది. ముత్యాల్‌పేట ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పిన పి.కె. శ్రీనివాసన్ పిల్లల చేత గణిత ప్రదర్శనలు చేయించి, 1993లో రాయపురంలో రామానుజన్ పేరిట మ్యూజియం నెలకొల్పారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం గణిత బోధనపై పత్రాన్ని రూపొందించిన బృందానికి అధ్యక్షత వహించిన ఆర్. రామానుజమ్ కూడా అప్పట్లో చెన్నై తరమణిలోని గణిత శాస్త్రాల సంస్థలో పనిచేసినవారే. పిల్లల్లో గణితమంటే భయాన్నీ ఓటమి భావాన్నీ తొలగించాలనీ, నిచ్చెనలా ఒకదానిపై ఒకటిగా ఎత్తుకు పెరిగిపోయే పాఠ్యక్రమం వెడల్పు కావాలనీ ఆ పత్రం సూచించింది. నగరంలో జ్ఞానానికి కొరత లేదు. అయినా, పదిహేనేళ్ళ పిల్లలపై దేశదేశాల్లో జరిగే పీసా పరీక్ష 2009 అదనపు విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు పాల్గొని పట్టిక అట్టడుగుకు చేరువలో నిలిచినప్పుడు, దేశం ఆ పరీక్ష తర్వాతి విడత నుంచే తప్పుకుంది. కారణాలను బడి స్థాయిలో వెతకవలసిన అవకాశం అలా జారిపోయింది.

లోపం వ్యవస్థ అమరికలో ఉంది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆరు నుంచి పది వరకు గణితం చెప్పేది బీటీ అసిస్టెంట్లు, అంటే డిగ్రీ, బీఈడీ చదివిన ఉపాధ్యాయులే అయినా, ఏ తరగతి ఎవరికి అన్న నిర్ణయం జూన్‌లో ప్రధానోపాధ్యాయుని గదిలో జరుగుతుంది. అనుభవం, పేరు ఉన్నవారు పదికి వెళతారు. కొత్తగా చేరినవారు, తాత్కాలికంగా వచ్చినవారు, కొన్నిచోట్ల వేరే సబ్జెక్టు చదివినవారు ఆరుకు వస్తారు. ప్రైవేటు బడుల్లో ఈ వరుస ఇంకా కచ్చితంగా అమలవుతుంది. ఎనిమిది వరకు ఎవరినీ ఆపకూడదన్న నియమాన్ని తమిళనాడు కొనసాగించడం సరైనదేనని మా నమ్మకం. పిల్లవాడిని అదే తరగతిలో మళ్ళీ కూర్చోబెడితే భిన్నాలు వస్తాయన్న హామీ ఏమీ లేదు. అయితే ఆపకపోవడం వేరు, చూడకపోవడం వేరు. ఒకటి నుంచి మూడు తరగతుల కోసం 2022లో మొదలైన ఎణ్ణుమ్ ఎళుత్తుమ్ పథకం అంకెల మీద, అక్షరాల మీద దృష్టి పెట్టింది. పదిలో పబ్లిక్ పరీక్ష ఉంది. నడుమ ఉన్న ఆరు, ఏడు, ఎనిమిదికి చాలా కాలం పాటు అంతటి పట్టింపు దక్కలేదు. దేశంలోని గ్రామీణ జిల్లాల్లో 14–18 ఏళ్ళవారిపై 2023లో జరిగిన అసర్ (విద్యాస్థితి వార్షిక నివేదిక) సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సగం కన్నా తక్కువే. అది పల్లెల లెక్క, చెన్నైకి నేరుగా అతకదు. కానీ మన కార్పొరేషన్ బడుల ఎనిమిదో తరగతిలో అదే లెక్క ఇచ్చి చూడడానికి ఎవరూ అడ్డుపడరు.

పై నుంచి పడే ఒత్తిడి దీనికి తోడు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షను రాష్ట్రం రద్దు చేసిన తరువాత, సీటు నిర్ణయించే 200 మార్కుల కటాఫ్‌లో గణితానికి 100, భౌతిక, రసాయన శాస్త్రాలకు యాభయ్యేసి. అంటే సగం భవిష్యత్తు ప్లస్ టూ గణితం చేతిలో ఉంది. అందుకే కొన్ని బడులు ప్లస్ వన్ పాఠాలను పక్కకు నెట్టి రెండేళ్ళూ ప్లస్ టూ పోర్షన్‌నే రుద్దాయి. దాన్ని అరికట్టడానికి ప్రభుత్వం 2018లో ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టింది. 2025 రాష్ట్ర విద్యావిధానంతో దాన్ని ఎత్తివేసింది. పిల్లలపై భారం తగ్గడం మంచిదే. పాత జబ్బు తిరగబెట్టకుండా ఎవరు చూస్తారన్నదానికి మాత్రం జవాబు రాలేదు. ఇదే జబ్బు ఒక మెట్టు దిగి తొమ్మిదో తరగతిలోనూ ఉంది: అర్ధసంవత్సర పరీక్షలు అయీ కాగానే పదో తరగతి పుస్తకం తెరిచే బడులు తమను తాము చురుకైనవిగా చెప్పుకుంటాయి. √2 కరణీయ సంఖ్య అని, అంటే దాన్ని రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయలేమని నిరూపించడం, ఒక సిద్ధాంతాన్ని ఇచ్చిన విషయాల నుంచి తర్కంతో రాబట్టడం వంటివి పిల్లలు తొలిసారి రుచిచూసే ఏడాది తొమ్మిది. ఆ ఏడాదిని కత్తిరించడం కన్నా పెద్ద అపచారం ఈ సబ్జెక్టుకు ఇంకొకటి లేదు. సీబీఎస్ఈ 2020 పరీక్షల నుంచి పదో తరగతి గణితాన్ని స్టాండర్డ్, బేసిక్ అని రెండుగా ఇస్తోంది; అది పరీక్ష భయానికి ఉపశమనం, పాఠానికి చికిత్స కాదు.

మంచి పాఠం కోసం దూరం పోనక్కరలేదు. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం చెన్నైకి ఏటా 12 టీఎంసీల కృష్ణా నీరు రావాలి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, ఘనపుటడుగు అంటే 28.3 లీటర్లు. వేసవిలో మన వీధుల్లో తిరిగే పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్ లారీలతో ఒక్క టీఎంసీ నీటిని మోయాలంటే ఎన్ని లారీలు కావాలి? ఎనిమిదో తరగతి పిల్లలు ఘాతాంకాలతో, ప్రమాణాల మార్పుతో, ఉజ్జాయింపుతో కుస్తీపట్టి దాదాపు 23 లక్షల 60 వేలు అని తేలుస్తారు. ముందుగా అందరి చేతా ఒక అంచనా రాయించి, తర్వాత లెక్క వేయిస్తే ఆ రెండింటి మధ్య తేడా మీద జరిగే వాదనే అసలు పాఠం. పూండి, పుళల్ జలాశయాల మట్టం రోజూ పత్రికల్లో వస్తూనే ఉంటుంది కనుక గ్రాఫుకూ, శాతాలకూ, సగటుకూ సరుకు కొరత లేదు.

డిసెంబర్ 22న జరిపే గణిత దినోత్సవం గురించి ఒక మాట. మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన రామానుజన్ ఈ నగరం గర్వించవలసిన వ్యక్తే. కానీ సభల్లో ఆయన కథ చెప్పే తీరు వల్ల, గణితం పుట్టుకతో రావాలి తప్ప నేర్చుకుంటే వచ్చేది కాదన్న భావం వెనుక బెంచీలో కూర్చున్న పిల్లలకు బలపడుతోంది. ఆ రోజు ఉపన్యాసాలు తగ్గించి ఆరో తరగతి పిల్లల చేత భిన్నాల ఆటలు ఆడిస్తే ఎక్కువ ప్రయోజనం.

మన తెలుగు కుటుంబాల విషయానికి వస్తే, పెరంబూరు నుంచి టీ నగర్ వరకు ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ రెండొకట్ల రెండు, రెండు రెళ్ళ నాలుగు అంటూ ఎక్కాలు వినిపిస్తాయి. బడి భాష ఇంగ్లీషో తమిళమో కావడంతో, ఆరో తరగతి దాటాక పిల్లల లెక్కలు తమకు అందవని తల్లిదండ్రులు తప్పుకుని ట్యూషన్‌కు అప్పగిస్తున్నారు. సూత్రాలు రాకపోయినా ఇలా ఎందుకొచ్చిందో నాకు చెప్పు అని తెలుగులో అడగడానికి ఏ చదువూ అడ్డురాదు, వివరించి చెప్పే ప్రయత్నంలోనే పిల్లల తికమక బయటపడుతుంది. నిర్మాణ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చే కూలీల పిల్లలకు ఆ ఆసరా కూడా లేదు. ఏడాది మధ్యలో వేరే పాఠ్యక్రమం నుంచి వచ్చి చేరే వారికి వయసును బట్టి తరగతి ఇస్తున్నారు తప్ప, ఏ లెక్క దగ్గర ఆగారో అడిగి చూసేవారు అరుదు.

జూన్‌లో బడులు తెరిచేలోగా విద్యాశాఖ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పదో తరగతి చెప్పే గణితోపాధ్యాయులు తప్పనిసరిగా ఆరు లేదా ఏడులో ఒక సెక్షన్ తీసుకోవాలని ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానికి కొత్త పోస్టులు అక్కరలేదు, వేళాపట్టిక మారిస్తే సరిపోతుంది. ఆరో తరగతిలో చేరిన నెలలోనే భిన్నాలు, భాగహారం, సమానం గుర్తు మీద మార్కులు లేని చిన్న పరిశీలన జరిపి, అవసరమైన వారికి రోజూ ఒక పీరియడ్ అదనంగా కేటాయించాలి. తొమ్మిదో తరగతి విద్యాసంవత్సరం ముగిసేలోగా పదో తరగతి పాఠాలు మొదలుపెట్టే బడులను తనిఖీల్లో నిలదీయాలి. తెలుగు మాధ్యమంలో మిగిలిన కొద్దిపాటి బడుల్లో గణితం పోస్టు ఖాళీ అయితే, ఆ భాషలో చెప్పగల వారిని ఆ ఏడాదే నియమించాలి. వర్గసమీకరణం, త్రికోణమితి అని పదేళ్ళు చదివి ప్లస్ వన్‌లో ఇంగ్లీషు మాధ్యమానికి మారే ఆ పిల్లలకు తొలి నెలరోజులు గణిత పరిభాషకు ప్రత్యేక తరగతులు నడపాలి. ఆ తరగతుల కోసం పిల్లలను ట్యూషన్ సెంటర్లకు పంపవలసిన అవసరం రాకూడదు, బడిలోనే, బడి వేళల్లోనే అవి జరగాలి.