ఆఫీసు మూడు కిలోమీటర్లు, బండి రెండు టన్నులు

మా అపార్ట్‌మెంట్ సెకండ్ ఫ్లోర్ ఆయనకి ఇల్లు నెల్లూరు మినీ బైపాస్ పక్కన, ఆఫీసు వీఆర్సీ సెంటర్ దగ్గర. గట్టిగా కొలిస్తే మధ్యలో మూడు కిలోమీటర్లు. ఈ మూడు కిలోమీటర్లు రోజూ పోయి రావడానికి హైబ్రిడ్ కారు కొనాలా, ఎస్‌యూవీ కొనాలా అన్న ధర్మసందేహం ఆయనకి సంక్రాంతి ముందు పుట్టింది. అప్పటినుంచి మాకెవరికీ మనశ్శాంతి లేదు. లిఫ్టులో కనిపిస్తే టార్క్ అంటాడు. పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే గ్రౌండ్ క్లియరెన్స్ అంటాడు. మొన్న ఒక పెద్దకర్మ భోజనాల్లో, వడ్డించే కుర్రాడు సాంబారు గరిటె పట్టుకుని నిలబడి ఉండగా, "అన్నా, సిటీ డ్రైవింగ్‌కి స్ట్రాంగ్ హైబ్రిడ్డే బెస్ట్ అంటా ఉండారు, నువ్వేమంటావు?" అని అడిగాడు. దండ వేసిన ఫొటోలోంచి పోయినాయన మమ్మల్నే చూస్తున్నాడు. రిటైరయ్యేదాకా సైకిలు మీద ఆఫీసుకి పోయిన మనిషి ఆయన.

ఇది ఒక్కడి సమస్య అయితే నేను పెన్ను పట్టేవాణ్ని కాదు. ఉదయం తొమ్మిదిన్నరకి ట్రంకు రోడ్డు మీద నిలబడి చూడండి. ఇల్లంత బండ్లు వరసగా ఆగి ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి ఉంటాడు, ఆ మనిషి ఒళ్లో ఒక టిఫిను బాక్సు ఉంటుంది. ఆ టిఫిను బాక్సుని భద్రంగా చేరవేయడానికి ఏ సాంకేతిక పరిజ్ఞానం మేలన్నది జాతీయ ప్రాధాన్యమున్న విషయం. కాబట్టి సీరియస్‌గానే చర్చిద్దాం.

ముందు హైబ్రిడ్ పక్షం. మా అపార్ట్‌మెంట్లో దీనికి నాయకుడు ఫస్ట్ ఫ్లోర్ రిటైర్డ్ ఏఈ గారు. ఆయన వివరించినంత ఓపిగ్గా షోరూమువాళ్లు కూడా వివరించరు. ఇందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, ఎలక్ట్రిక్ మోటారూ ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడల్లా వృథాగా పోయే శక్తి బ్యాటరీలోకి చేరుతుంది, ప్లగ్గు పెట్టే పనిలేదు. నిదానంగా పోయేటప్పుడు ఇంజన్ని పడుకోబెట్టి మోటారే లాగుతుంది. అంటే ఆగుతూ, కదులుతూ, మళ్లీ ఆగుతూ పోయే రోడ్డు మీదే దీని ప్రతాపమంతా. హైవే ఎక్కితే ఆ లాభం తగ్గిపోతుంది. ఈ లెక్కన ట్రంకు రోడ్డుని మించిన రోడ్డు భూప్రపంచంలో లేదు. అక్కడ బ్రేకు తప్ప ఇంకో పెడలు వాడే అవసరమే రాదు. 1997లో జపాన్‌లో ప్రియస్ అనే హైబ్రిడ్ కారుని మార్కెట్లోకి దించినవాళ్లు సాయంత్రం ఆరుగంటలకి మన గాంధీబొమ్మ సెంటర్ చూసి ఉంటే ఫ్యాక్టరీ ఇక్కడే పెట్టేవాళ్లు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఏఈ గారు కాగితం తీశారు. రోజుకి పోనూ రానూ ఆరు కిలోమీటర్లు, ఏడాదికి 300 పనిదినాలు, మొత్తం 1,800 కిలోమీటర్లు. మామూలు పెట్రోలు కారు ఊళ్లో లీటరుకి 12 ఇస్తుందనుకుంటే 150 లీటర్లు. హైబ్రిడ్ దానికి రెట్టింపు, 24 ఇస్తుందనుకుంటే 75 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకుంటే ఏడాదికి మిగిలేది 8,250 రూపాయలు. హైబ్రిడ్‌కి ఒక మూడు లక్షలు ఎక్కువ పెట్టాడనుకుందాం. ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి 36 ఏళ్లు పడుతుంది. సెకండ్ ఫ్లోర్ ఆయనకి ఇప్పుడు 48. ఎనభై నాలుగో ఏట నుంచి అన్నీ లాభాలే. బ్యాటరీకి మన దగ్గర టయోటా, మారుతి స్ట్రాంగ్ హైబ్రిడ్‌ల మీద ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఈ ఆరు కిలోమీటర్ల చొప్పున లక్షా అరవై వేలు తిరగాలంటే దాదాపు 89 ఏళ్లు కావాలి. "మనవడికి పనికొస్తుంది" అన్నారు ఏఈ గారు. జోకు కాదు, నిజంగానే అన్నారు.

హైబ్రిడ్ కొన్నవాళ్లకి ఇంకో జబ్బు వస్తుంది. ఒంగోలులో నాకు తెలిసిన ఒక లెక్చరరు ఉన్నాడు. కంపెనీ చెప్పిన మైలేజీ 27.97. ఆ సున్నా పాయింట్ తొంభై ఏడు కూడా రాకపోతే ఆయనకి అన్నం సయించదు. మే నెలలో కర్నూలు రోడ్డు మీద ఏసీ ఆపేసి, అద్దాలు దించి, చెమటలు కారుతున్న అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని, స్క్రీను మీద పచ్చలైటు వెలిగినప్పుడల్లా "చూడండి, ఇప్పుడు బ్యాటరీ మీదే పోతోంది" అంటాడు. ఆవిడ పాపం చూస్తుంది. వడదెబ్బకి మైలేజీతో సంబంధం లేదని ఆవిడకి తెలిసినా అల్లుడు కదా, అనదు.

ఇక ఎస్‌యూవీ పక్షం. దీనికి మా థర్డ్ ఫ్లోర్ రొయ్యల గుంటలాయన పెద్ద దిక్కు. ఆయన వాదన ఒకటే మాట: "బండంటే కనపడాల." ఆయనకి నిజంగానే ఆ బండి అవసరం. ముత్తుకూరు పక్క గుంట గట్ల మీద, అర్ధరాత్రి గుంటల్లోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయని ఫోనొస్తే బురదలో పడి పోవాల్సిన మనిషి. ఆయన జోలికి నేను పోను. సెకండ్ ఫ్లోర్ ఆయన తిరిగే గట్టు ఏది? కాఫీపొడి కొట్టు ముందు స్పీడ్ బ్రేకరు.

ఊళ్లో మాత్రమే తిరిగే డీజిల్ ఎస్‌యూవీ గురించి ఎవరూ చెప్పని ఒక విశేషం ఉంది. పక్క వీధి డాక్టరు గారిని చూసి తెలుసుకున్నాను. ఆయన క్లినిక్కు పొగతోటలో. మాగుంట లేఔట్ నుంచి రోజూ ఆ పెద్ద బండిలోనే పోయొస్తాడు. కొన్న కొన్నాళ్లకే డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలిగింది. సర్వీసు సెంటరుకి పోతే అక్కడి కుర్రాడు ఆయన్ని కూర్చోబెట్టి, పేషెంటుకి చెప్పినట్టే చెప్పాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగకి బీఎస్-6 అనే రూలు వచ్చింది, పొగగొట్టం దారిలో ఒక ఫిల్టరు ఉంటుంది, డీజిల్ మసంతా దాంట్లో పట్టుకుంటుంది, అది నిండినప్పుడు బాగా వేడెక్కి దానంతటదే కాల్చేసుకోవాలి. కానీ సార్ బండి వేడెక్కే లోపే క్లినిక్కు వచ్చేస్తోంది. "సార్, మీరు బండిని సరిగ్గా నడపట్లేదు. అప్పుడప్పుడూ హైవే మీద అరవై దాటించి, ఇరవై నిమిషాలు ఎక్కడా ఆపకుండా పోనివ్వాలి. మధ్యలో ఇంజను ఆపితే మళ్లీ మొదటికొస్తుంది."

రోజూ పదిమందికి వాకింగ్ రాసే డాక్టరుకి ఒకడు వాకింగ్ రాశాడు, అదీ కారుకి.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఆదివారం మసి కాల్చే వారం. పొద్దున్నే పులిహోర కలుపుతారు. డాక్టరు గారు, భార్య, వాళ్లమ్మ, ఇంటర్ చదివే అబ్బాయి బండెక్కుతారు. ఎక్కడికి అని అడక్కూడదు. ఎక్కడికీ కాదు. బైపాస్ ఎక్కి గూడూరు వైపు తిప్పుతారు. అబ్బాయి సెల్‌ఫోన్లో టైము పెడతాడు. వెంకటాచలం టోల్ దగ్గర గుండె దడ: ముందున్న లారీ ఫాస్టాగ్ పనిచెయ్యకపోతే వేడి దిగిపోతుంది. టోల్ కట్టి, డీజిల్ కాల్చి, ఆ డీజిల్ వదిలిన మసిని ఇంకాస్త డీజిల్‌తో కాలుస్తున్నారన్న సంగతి పెద్దావిడకి అర్థమైందో లేదో గానీ, గొలగమూడి వైపు పోయే రోడ్డు కనపడగానే, "ఇంత దూరం వచ్చాం కదా నాయనా, వెంకయ్యస్వామిని చూసి పోదాం" అంటుంది. "ఇప్పుడు ఆపకూడదమ్మా." "ఎందుకు ఆపకూడదు?" "ఫిల్టరు కాలుతోంది." "కాలుతుంటే ఆపాల గదరా!" ఆవిడ మాటలో లాజిక్కు ఉంది, టెక్నాలజీ లేదు. చివరికి ఎనభై స్పీడులో పోతున్న బండిలోంచే ఆవిడ చెంపలేసుకుంటుంది. మనుబోలు దాటాక లైటు ఆరుతుంది. నలుగురూ చప్పట్లు కొడతారు. ఎక్కడో ఒక చెట్టు కింద ఆపి పులిహోర తిని, ఇంటికి తిరిగొస్తారు. మొత్తం చూస్తే వారమంతా క్లినిక్కుకి తిరిగిన దానికంటే ఆ ఒక్కపూట మసి కాల్చడానికి తిరిగిందే ఎక్కువ.

ఈ కథంతా సెకండ్ ఫ్లోర్ ఆయనకి చెప్పాను, భయపడి మానుకుంటాడేమోనని. శ్రద్ధగా విన్నాడు. "అయితే ఆదివారం ఔటింగు కూడా అయిపోతుందన్న మాట" అన్నాడు.

ప్రభుత్వమైనా తేల్చి చెబుతుందేమో అంటే, అదీ లేదు. 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని టేపు పట్టి కొలిచింది: పొడవు నాలుగు మీటర్లు దాటాలి, ఇంజను 1,500 సీసీ దాటాలి, ఖాళీ బండికి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఎత్తు, 170 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అప్పుడే జీఎస్టీ మీద పెద్ద సెస్సు అని. అప్పట్లో పన్ను మొత్తం కలిపి హైబ్రిడ్‌కి 43 శాతం, ఆ పెద్ద బండికి 50 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ తేడా కూడా చెరిపేసి, చిన్నకార్ల కొలతలు దాటిన హైబ్రిడ్డయినా ఎస్‌యూవీ అయినా 40 శాతమే అన్నారు. కంపెనీలు ఇంకా తెలివైనవి. 2022 నుంచి ఎస్‌యూవీ ఆకారంలోనే హైబ్రిడ్ అమ్ముతున్నాయి. 2025లో ఫార్చూనర్‌కి కూడా 48 వోల్టుల చిన్న మోటారొకటి తగిలించారు. సర్పంచి గారి కాన్వాయి కూడా పర్యావరణహితమైపోయింది. అంటే ఇన్ని నెలలుగా మా లిఫ్టులో నలుగుతున్న ప్రశ్నకి రెండు పక్షాలు కూడా లేవు. ఈ సంగతి చెబితే ఆయన, "అయితే రెండూ ఉన్నది తీసుకుంటే పోలా" అని, ధర విని, మళ్లీ మొదటికొచ్చాడు.

చివరికి ఆయన అసలు కారణం బయటపెట్టాడు. "ఎన్నన్నా చెప్పన్నా, వానలొస్తే అండర్ బ్రిడ్జి కింద ఏం చేస్తావు? ఎత్తు బండి కావాల్సిందే."

ఈ ఒక్క మాటకి నాకు నవ్వు రాలేదు.

నిజమే. రైలుకట్ట ఊరిని రెండు ముక్కలు చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. గట్టి వాన పడితే రామలింగాపురం, మాగుంట లేఔట్, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. నీళ్లు పల్లానికి పోతాయన్నది కూడా కొత్తగా కనిపెట్టింది కాదు. మరి మన ఊరు దీనికి కనిపెట్టిన పరిష్కారమేంటి? కాలువ కాదు. పంపు కాదు. ఎవడి డబ్బుతో వాడు ఎత్తు బండి కొనుక్కోవడం! నీళ్లు మోటార్లతో తోడాలి. మనం కార్లతో తోడుతున్నాం. ఆ తోడిన నీళ్లు ఎవరి మీద పడుతున్నాయో ఎప్పుడైనా అద్దం దించి చూశారా? నేను చూశాను. బడి సంచీకి పాలిథిన్ కవరు చుట్టుకుని గోడవారగా నడుస్తున్న పిల్ల మీద పడ్డాయి. చేపల తట్ట నెత్తిన పెట్టుకున్న మైపాడు మనిషి మీద పడ్డాయి. స్కూటీ ఆగిపోయి, నీళ్లలో దాన్ని తోసుకుంటున్న ఒక తల్లి మీద పడ్డాయి. బండివాడు హారన్ కొట్టాడు. అడ్డం తప్పుకోమని కొట్టాడు!

బండి నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవడానికి కౌన్సిల్ ఉంది. నడిచేవాడి గ్రౌండ్ క్లియరెన్స్ ఎంతో కొలిచేవాడు ఎవడు? ఎత్తు బండి కొన్న మరుక్షణం వాడు అండర్ బ్రిడ్జి గురించి అడగడం మానేస్తాడు. గొంతున్నవాళ్లు ఒక్కొక్కరే లోపలెక్కి అద్దాలు మూసుకుంటుంటే, పట్టించుకోవాల్సినవాళ్లకి ఇంక తొందరేముంది? పైగా ఆ ఎత్తు ముక్కు సంగతి. 2023లో అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో హైవే భద్రత మీద పనిచేసే సంస్థ ఒకటి లెక్క తీసింది: బానెట్ 40 అంగుళాలు దాటిన బండి మనిషిని గుద్దితే, 30 అంగుళాల లోపు ఉండి ముందుకి వాలిన బండికంటే ప్రాణం పోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ అని. మన వీధుల్లో బడి వదిలే వేళకి ఆ ముక్కు ముందు నిలబడేది నలభై అంగుళాల పిల్లలు.

ఎత్తు బండి ఏ నీళ్లనైనా దాటేస్తుందన్న నమ్మకం కూడా ఒక మూఢనమ్మకమే. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ రోజు పెన్నకి హైబ్రిడ్, ఎస్‌యూవీ, లారీ అన్న తేడా తెలియలేదు. అన్నీ ఒకే వరసలో ఆగాయి.

ఈ ఆవేశమంతా ఆయన ముందు వెళ్లగక్కాక, ఆయాసం తీర్చుకుంటూ ఇంతకాలంగా అడగాల్సిన ప్రశ్న ఒకటి అడిగాను. కారు ఇంకా కొనలేదు కదా, మరి ఇన్ని నెలలుగా ఆఫీసుకి ఎట్టా పోతున్నావు?

"మా ఆవిడ స్కూటీ మీద పోతా ఉండానన్నా. పది నిమిషాలు. పార్కింగ్ కూడా ఈజీ."

ఆయన భార్య కోవూరు పక్క బళ్లో టీచరు. పెన్న దాటి పోవాలి. ఈయన దారికి మూడింతలు.

"మరి ఆమె?"

"ఆడోళ్లకి బస్సు ఫ్రీ కదన్నా. ఆగస్టు పదిహేను నుంచి ఆమె బస్సులోనే పోతా ఉంది."

బస్టాండులో ఆమె ఎంతసేపు నిలబడుతుందో అడగబోయాను. ఆయన అప్పటికే సన్‌రూఫ్ గురించి మొదలుపెట్టాడు.