అమ్మని అమెరికా పంపాలంటే

చెల్లి పురిటికి అమ్మని పంపుదామని అమలాపురంలో కూర్చుని అమెరికా వీసా దరఖాస్తు, అదే డీఎస్-160 ఫారం, ఆన్‌లైన్‌లో నింపుతున్నాను. 20 నిమిషాలు ముట్టుకోకపోతే పేజీ పోతుంది. అమ్మకేమో పాత పాస్‌పోర్టు ఏ బీరువాలో దాచిందో గుర్తు రావడానికే అరగంట!

గోల ఇంటిపేరు దగ్గరే మొదలైంది. పెళ్ళికి ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, ఆధార్‌లో మరో స్పెల్లింగు. ఆ తర్వాతి ప్రశ్నలు చూడాలి. గూఢచర్యం చేయడానికి వెళ్తున్నారా? ఉగ్రవాదులతో సంబంధాలున్నాయా? చదివి వినిపిస్తే, "పూతరేకులు పట్టుకెళ్ళేదాన్ని అడగాల్సిన మాటలేనంట్రా అవి!" అని నా మీద విరుచుకుపడింది, ఫారం నేనే రాసినట్టు.

ఫీజు 185 డాలర్లు. వీసా రాకపోయినా వెనక్కివ్వరు. ఇంటర్వ్యూకి రాత్రి బస్సెక్కి హైదరాబాద్ పోవాలి, అది సరే. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఈవిడ తిరిగొస్తుందని మనమే నమ్మించాలట. రెండు రోజులు రాజమండ్రిలో ఉండమంటేనే "కొబ్బరి దింపు ఎవరు చూస్తారు, గేదెకి మేత ఎవరేస్తారు" అని ప్రాణం తీసే మనిషి! అక్కడ ఉండిపోతుందా? ఆ గేదెని సాక్ష్యానికి తోలుకెళ్ళమంటారా?

ఇంతా చేస్తే ఫొటో పనికిరాదట. కళ్ళజోడు ఉండకూడదు. రేపు మళ్ళీ స్టూడియోకి.